వృత్తి క్రీడల నివారణ సంఘం

నూకరత్నం మా కాలేజీలో బి.కాం. చదువుతోందన్న సంగతి, ఆమె చదువు మానేస్తానన్న రోజున కాలేజీకి తెలిసింది.

అంతవరకు ఆమె బాస్కెట్‌బాల్ ఆడుతుందని మాత్రమే తెలుసు. అది తెలియనివాళ్లు మా ఊళ్లో లేరు. ఆరడుగులు దాటిన పిల్ల. గేటు పక్కన కట్టిన ఫ్లెక్సీలో కరస్పాండెంటు గారి బొమ్మ, ప్రిన్సిపల్ గారి బొమ్మ నిండుగా పట్టడం కోసం ఆమెను మోకాళ్ల దగ్గర కత్తిరించాల్సి వచ్చింది. కాలేజీలో ఉన్న కప్పులన్నీ ఆమె గెలిచి తెచ్చినవే. ఆఫీసు గదిలో అద్దాల బీరువా చాలక కొన్నిటిని కెమిస్ట్రీ ల్యాబులో యాసిడ్ సీసాల మధ్య సర్దారు.

మేముండేది కాలేజీ ఆవరణలోనే, లెక్చరర్ల క్వార్టర్సులో. మా ఆయన మార్కండేయులు గారు కామర్సు చెబుతారు. వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా బాస్కెట్‌బాల్ కోర్టు. ఇన్నేళ్లుగా తాలింపులు వేస్తూ చూసిన ఆటలతో నాకు ఫౌలంటే ఏమిటో, ఏది కాదో బాగానే తెలిసిపోయింది. మా ఆయనకు ఇప్పటికీ తెలియదు. బంతి బుట్టలో పడితే చప్పట్లు కొట్టాలని మాత్రం తెలుసు.

హైదరాబాదులో ఆడవాళ్ల లీగు ఒకటి మొదలైంది. అందులో ఒక జట్టువాళ్లు నూకరత్నాన్ని రమ్మన్నారు. వినాయక చవితి వెళ్లిన వారం చేరాలి. వచ్చేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తేవాలి. చిక్కంతా ఇక్కడే వచ్చింది. మా వైపు కాలేజీలో చేరడమంటే ముందు పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్స్ ఆఫీసుకు అప్పజెప్పడం. కొత్త కోడలి నగలు అత్తగారి బీరువాలోకి వెళ్లినట్టు అవి ఇనప్పెట్టెలోకి వెళతాయి. ఎవరివని అడిగితే పిల్లవే అంటారు. ఎప్పుడిస్తారని అడిగితే కోర్సు అయ్యాక అంటారు.

నూకరత్నం ప్రిన్సిపల్ గారి గదికి వెళ్లి అడిగింది. అప్పుడు మా ఆయన అక్కడే ఉన్నారు. ఇంటికి వచ్చి పూసగుచ్చినట్టు చెప్పారు.

ప్రిన్సిపల్ డాక్టర్ సర్వారాయుడు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారట. ఆయన కళ్లజోడు తీశారంటే మాట్లాడబోయేది తనలోని ప్రిన్సిపల్ కాదు, విద్యావేత్త అని అర్థం.

"చూడమ్మా, విద్యార్థి దశ అనునది మానవ జీవితంలో ఒక స్వర్ణ దశ. దానిని అర్ధాంతరంగా విరమించి, కేవలం ఒక బంతిని ఒక బుట్టలో వేయు నిమిత్తం వెళ్లడం ఈ సంస్థ మౌలిక ఆశయాలకు విఘాతం."

"ఇక్కడా అదే కదండీ ఏయించేది?"

"ఇక్కడ వేసేది విద్యలో అంతర్భాగం. అక్కడ వేసేది వృత్తి."

"బుట్ట ఒకటేనండి. ఎత్తు కూడా అంతేనంట."

"సరే. మొదటి సంవత్సరం ఎకౌంటెన్సీ ఎందుకు పాసవలేదు?"

"పరీక్ష రోజున తిరుపతిలో సెమీస్ ఆడుతున్నానండి. మీరే పంపించేరు. జెండా ఊపేరు కూడా."

"చూశావా! ఆ సబ్జెక్టు మిగిలిపోయింది గనకనే నువ్వు ఉండవలసిన ఆవశ్యకత ఏర్పడుతోంది."

దీని తర్వాత ప్రిన్సిపల్ గారు మొత్తం పరిస్థితిని ఆమెకు విడమరిచి చెప్పారట. చదువు పూర్తయితే తప్ప సర్టిఫికెట్లు ఇవ్వరు. పూర్తవ్వాలంటే పరీక్ష రాయాలి. పరీక్ష రాయాలంటే హాజరు ఉండాలి. హాజరు ఉండాలంటే టోర్నమెంట్లకు వెళ్లకూడదు. వెళ్లకపోతే స్పోర్ట్స్ కోటా సీటు రద్దవుతుంది. సీటు రద్దయితే చదువు పూర్తవ్వదు. కనుక ఆమె భవిష్యత్తు ఈ కాలేజీలో పూర్తిగా సురక్షితం.

"ఎంత చక్కగా చెప్పారో!" అన్నారు మా ఆయన కాళ్లు కడుక్కుంటూ.

"ఆ పిల్లకి మీరేం చెప్పారింతవరకు?" అని అడిగాను.

"ఇంటర్నల్స్‌లో ముప్పై ఎనిమిదేశాను. నలభైకి."

"ఎంతేశారని కాదండీ. ఏం చెప్పారని."

"ఎప్పుడూ టోర్నమెంట్లలోనే ఉంటుంది కదా, ఎలా చెప్పను?" అని ఆయన తువ్వాలు అడిగారు.

మర్నాడు నూకరత్నం వాళ్లమ్మ లోవలక్ష్మి కాలేజీకి వచ్చింది. రైతుబజారులో కూరగాయల కొట్టు ఆమెది. కూతురి తరఫున పోట్లాడ్డానికి వచ్చిందనుకుని ప్రిన్సిపల్ గారు కళ్లజోడు తీయబోయారట. కానీ లోవలక్ష్మి వచ్చింది కాలేజీ తరఫున.

"దీన్ని ఒగ్గొద్దండి బాబూ. మోకాలు జారిందంటే ఆ లీగోళ్లు మళ్లీ మొకం సూత్తారేటండి? డిగ్రీ ఉందంటే కుర్చీలో కూకునైనా బతుకుద్ది."

"కూచోడానికి ముసిలైపోయాక బోల్డు టైముంటదే అమ్మా," అంది నూకరత్నం. "ఎగరడం ఇప్పుడే."

"నోర్ముయ్యి. గేదెలాగ పెరిగేవు గానీ బుద్ధి పెరగలేదు."

ప్రిన్సిపల్ గారు పులకించిపోయారు. "మాతృమూర్తి అనగా ఇటుల ఉండవలె!" అని, ఆమెకు కాఫీ తెప్పించారు. లోవలక్ష్మి కాఫీ తాగి, గ్లాసు బల్ల కింద పెట్టి, అడిగింది.

"మరి సదువు ఎప్పట్నించి సెప్తారండి?"

మా కాలేజీ చరిత్రలో స్పోర్ట్స్ కోటా పిల్ల గురించి ఎవరూ అడగని ప్రశ్న అది. విశాఖలో అంతర కళాశాలల ఫైనల్ దగ్గరకు వస్తోంది. ప్రాక్టీసు మానిపించడానికి లేదు. చదువు చెప్పకుండా ఉండడానికీ లేదు, ఎందుకంటే చదువు కోసమే కదా ఆమెను ఆపింది. సాయంత్రం దాకా సమావేశమై ఒక మార్గం కనిపెట్టారు. నోటీసు బోర్డు మీద సర్క్యులర్ వెలిసింది.

"విద్యార్థి క్రీడాకారుల సర్వతోముఖాభివృద్ధి దృష్ట్యా, తక్షణం అమలులోకి వచ్చునట్లుగా, బాస్కెట్‌బాల్ కోర్టును తరగతి గదిగా పరిగణించవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది."

మర్నాడు నేను పొద్దున్నే కిటికీ తెరిచేసరికి బుట్ట కింద నల్లబల్ల నిలబడి ఉంది. మా ఆయన చాక్‌పీసు పట్టుకుని బల్ల వెనకాల నిలబడ్డారు. ముందు నిలబడితే బంతి తగులుతుందని ఫిజికల్ డైరెక్టరు జోగారావు ముందే హెచ్చరించాడు.

"నూకరత్నం!" అని హాజరు పిలిచారు మా ఆయన.

"ప్రెజెంట్ సార్!" అంటూ ఆమె అవతలి బుట్ట వైపు పరుగెత్తింది.

"ఈ రోజు మనం జంటపద్దు విధానం..."

"మార్కండేయులు గారండీ, ఎడమకి జరగండి, ఎడమకి!" అని జోగారావు అరిచాడు. బంతి వచ్చి నల్లబల్లకు తగిలింది. బల్ల పడింది. జంటపద్దు విధానం అక్కడితో ఆగింది. మిగతా పీరియడంతా బల్లను నిలబెట్టడంతో సరిపోయింది.

వారం తిరక్కుండా మిగతా పిల్లలకు ఈ సంగతి పాకింది. కోర్టులో నిలబడితే హాజరు వేస్తున్నారు, పాఠం మాత్రం వినక్కర్లేదు. అలాంటి తరగతి కోసమే కదా వాళ్లు ఇన్నాళ్లూ ఎదురు చూసింది. హిస్టరీవాళ్లు వచ్చారు, జువాలజీవాళ్లు కప్ప ట్రేలతో సహా వచ్చారు. గదులన్నీ ఖాళీ. కోర్టులో అడుగు పెట్టడానికి సందు లేదు. హాజరు శాతం కాలేజీ పుట్టాక ఎన్నడూ లేనంతగా పెరిగింది. కరస్పాండెంటు గారు అభినందన పంపారు. నూకరత్నానికి ప్రాక్టీసుకు చోటు లేక గోడవతల సందులో బంతి తట్టుకుంటోంది. అదేమిటని అడిగితే, "ఇక్కడుంటే హాజరు పడదంటండి. కానీ బంతి ఆడొచ్చు," అంది.

ఆ రద్దీలోనే హైదరాబాదు జట్టు కోచ్ వచ్చింది. పొట్టి జుట్టు, పొట్టి మాటలు. నూకరత్నం ఆట సందులోనే చూసింది. "చవితి వెళ్లాక నీ కోసం చూస్తుంటా," అని, ఆమె చిరిగిన బూట్లు చూసి, కారులోంచి కొత్త జత తీసి ఇచ్చి వెళ్లిపోయింది.

బూట్ల వార్త అరగంటలో ప్రిన్సిపల్ గారికి చేరింది. ఆయన వాటిని స్వాధీనం చేసుకుని తన బల్ల మీద పెట్టించారు. అవి తెడ్డుల్లా ఉన్నాయట. వాటిని చూస్తూ ఆయన సుదీర్ఘంగా ఆలోచించి, మా ఆయనను పిలిపించారు.

"మార్కండేయులు గారూ, ప్రమాదం మన గుమ్మం తొక్కింది. వృత్తి క్రీడ అనే విషబీజం ఈ ప్రాంగణంలో పడింది. వెంటనే ఒక సంఘం అవసరం. మీరే కన్వీనరు."

అలా వృత్తి క్రీడల నివారణ సంఘం పుట్టింది. ప్రిన్సిపల్ గారు అధ్యక్షులు, మా ఆయన కన్వీనరు, జోగారావు సభ్యుడు. మా ఆయనకు ఇన్నేళ్ల ఉద్యోగంలో మొదటి కన్వీనరు పదవి అది. ఆ రాత్రి భోజనాల దగ్గర నిర్వచనం రాయడం మొదలుపెట్టి, పప్పు చల్లారినా లేవలేదు. చివరికి చదివి వినిపించారు.

"ఆడినందుకు గాను, ఎవరినుండియైనను, ఏ రూపముననైనను, ఏ ప్రతిఫలమునైనను స్వీకరించు విద్యార్థి వృత్తి క్రీడాకారుడు లేక క్రీడాకారిణిగా భావింపబడును. ఎలా ఉంది?"

"అందులోకి రానిది ఏదైనా మిగిలిందా అండీ?"

"అదే దాని బలం," అన్నారు.

శిక్ష ఏమిటని రాయడానికి మాత్రం ఆయనకు పాలుపోలేదు. భయం పుట్టేలా ఉండాలన్నారు ప్రిన్సిపల్ గారు. జోగారావు ర్యాగింగ్ సర్క్యులర్ తెచ్చి, అందులో చివరి వాక్యం చూపించాడు. చదవగానే ఒళ్లు జలదరించే వాక్యం. ఒక్క మాట కూడా మార్చనక్కర్లేదు. "సదరు విద్యార్థి ఎట్టి మినహాయింపు లేకుండా, సర్టిఫికెట్లతో సహా తక్షణం కళాశాల నుండి పంపివేయబడును." ముగ్గురూ సంతకాలు చేశారు. నోటీసు బోర్డుకు అంటించారు. జిరాక్సు తీసి పిల్లల ఇళ్లకు కూడా పంపారు.

సంఘం మొదటి సమావేశం అరటిపండు మీద జరిగింది. ప్రాక్టీసు అయ్యాక ఆటగాళ్లకు ఒక్కొక్క అరటిపండు, ఉడకబెట్టిన గుడ్డు ఇవ్వడం మా కాలేజీలో ఎప్పట్నుంచో ఉంది.

"అది పోషణ సార్, ప్రతిఫలం కాదు," అన్నాడు జోగారావు.

"ఆడనివారికి ఇస్తున్నారా?"

"లేదండి."

"అయితే ఆడినందుకే!" అన్నారు ప్రిన్సిపల్ గారు.

"సగం పండు ఇస్తే అండి?"

దాని మీద చాలాసేపు చర్చ జరిగింది. సగం పండు తీసుకున్నవాడు సగం వృత్తి క్రీడాకారుడవుతాడనీ, సగం మనిషిని ఎలా పంపివేయాలో సర్క్యులర్లో లేదనీ తేలింది. పండ్లూ గుడ్లూ ఆగిపోయాయి. నీళ్లు మాత్రం మిగిలాయి. దాహం ఆట వల్ల వేసిందా, ఎండ వల్ల వేసిందా అని తేల్చే పనిని తర్వాతి సమావేశానికి వాయిదా వేశారు. మరి కప్పుల సంగతేమిటి, అవన్నీ ఆడినందుకు వచ్చినవే కదా అని జోగారావు అడిగాడట. కప్పులు తీసుకున్నది కాలేజీ. కాలేజీ విద్యార్థి కాదు. కనుక దానిని పంపివేయనక్కర్లేదని అధ్యక్షులు రూలింగ్ ఇచ్చారు.

ప్రాక్టీసు తర్వాత నూకరత్నం మా పెరటి గుమ్మంలోకి మంచినీళ్ల కోసం వచ్చేది. కాలేజీలో కూలరు క్లాసులు అవగానే కట్టేస్తారు. ఆవేళ వచ్చినప్పుడు చెంబుడు నీళ్లు ఎత్తిన చెంబు దించకుండా తాగింది.

"ఏం తిన్నావే మధ్యాహ్నం?"

"ఇంటికెళ్లి తింటానండి."

"మీ అమ్మ సందేళ దాకా కొట్లోనే ఉంటుందిగా?"

"అందుకే ఇంటికెళ్లేక అన్నానండి."

పెనం మీద అప్పుడే పెసరట్టు కాలుతోంది. మా ఆయన కోసం. అది తీసి ఆమెకు పెట్టాను. గుమ్మం మెట్టు మీద కూర్చుని, అల్లం ముక్కలు కూడా ఏరకుండా తినేసింది. ఆ రోజు ప్రాక్టీసులో గోడవతల సందులోంచి, అంత దూరం నుంచి, కోర్టులోని బుట్టలో రిమ్ము తాకకుండా ఆమె వేసిన బంతిని నేను కిటికీలోంచి చూశాను. ఇంకో అట్టు వేశాను. ఉల్లిపాయలు ఎక్కువ చల్లాను.

ప్రిన్సిపల్ గారు సాయంత్రం పూట ఆవరణ చుట్టూ నడుస్తారు. డాక్టరు చెప్పాడు. అట్టు వాసన గాలికి అటు వెళ్లింది. ఆయన మా పెరటి గోడ దగ్గర ఆగి, గోడ మీంచి చూశారు.

మర్నాడు పొద్దున్నకల్లా నూకరత్నానికి షోకాజ్ నోటీసు వచ్చింది. "సంఘ కన్వీనరు గారి స్వగృహమునందు, ఆట అనంతరం, పెసరట్లు (రెండు) స్వీకరించినందున, నిన్ను వృత్తి క్రీడాకారిణిగా ఎందుకు భావించరాదో" తెలియజేయాలట. నకలు నోటీసు బోర్డుకు. ప్రిన్సిపల్ గారి ఉద్దేశం భయపెట్టాలనే. పిల్ల వణికి, లీగు మాట మర్చిపోయి, ఫైనల్ ఆడుతుందని లెక్క.

మా ఆయన ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. "నా ఇంట్లోనా! నేను కన్వీనర్నే!"

"మీ అట్టు కూడా అదే పిండితో వేశాను. మీరు ఏం ఆడారని తిన్నారు?"

"హాస్యమాడకు."

మధ్యాహ్నానికి అసలు కంగారు మొదలైంది. జోగారావు పరుగెత్తుకుంటూ ప్రిన్సిపల్ గారి దగ్గరకు వెళ్లి, మన నోటీసు మనమే బోర్డు మీద పెట్టాం, పొద్దున్నుంచి వేరే కాలేజీ వాళ్లు ఫొటోలు తీసుకెళుతున్నారు, వృత్తి క్రీడాకారిణి అని తేలితే విశాఖలో ఆడనివ్వరు అని చెప్పాడట. ప్రిన్సిపల్ గారు నీళ్లు తాగారు. దాహం ఎందువల్ల వేసిందో ఎవరూ అడగలేదు.

సాయంత్రం సంఘం మొత్తం మా ఇంటి హాల్లో కూర్చుంది. నూకరత్నం తలుపు దగ్గర నిలబడింది, గుమ్మం తగలకుండా కాస్త వంగి. లోవలక్ష్మి కింద చాప మీద కూర్చుంది. కుర్చీ వేస్తానంటే, "పర్లేదండి, లేవడం తేలిక," అంది.

"అమ్మా," అన్నారు ప్రిన్సిపల్ గారు నాతో, చాలా తియ్యగా. "మీరు విద్యాధికులు. సంఘానికి ఒకే ఒక్క స్పష్టీకరణ కావాలి. ఆ పెసరట్లు ఏ దృష్టితో ఇవ్వబడినవి? దానము అనుకోవచ్చునా?"

"దానమేటండి?" అంది లోవలక్ష్మి. "మేమేమైనా అడుక్కున్నామా?"

"పోనీ, మిగిలిపోయినవని అందామా?" అన్నాడు జోగారావు. "మిగిలిపోయింది పెడితే ప్రతిఫలం అవదు సార్. మేడంగారు ఔనంటే చాలు, అయిపోద్ది."

మా ఆయన నా వైపు చూశారు. పెళ్లిచూపుల్లో కూడా ఆయన అంత ఆశగా చూడలేదు.

నేను ఔనంటే కేసు మూసేస్తారు. సర్టిఫికెట్లు ఇనప్పెట్టెలో ఉంటాయి. చవితి వెళ్లిపోతుంది. నూకరత్నం నా వైపు చూడలేదు. నేలకేసి చూస్తోంది. లోవలక్ష్మిని అడిగాను, "నువ్వేమంటావమ్మా?"

"నేనేమంటానండి. సదువు కోసమే ఉంచమన్నాను. రోజూ ఇంటికొచ్చేక అడుగుతున్నాను, ఏం సెప్పేరే ఈయాల అని. హాజరు పిలిచేరమ్మా అంటది. నిన్న ఏం సెప్పేరే అంటే, బల్ల పడిపోయిందమ్మా అంటది." ఆమె మా ఆయన వైపు తిరిగింది. "ఏవండీ, సెప్పేరా మీరేమైనా?"

మా ఆయన తల అడ్డంగా ఊపబోయి, నిలువుగా ఊపబోయి, రెండూ కాకుండా ఆగిపోయారు.

"మీరడిగారు కదండీ," అన్నాను ప్రిన్సిపల్ గారితో. "మిగిలినవి కావు. మా ఇంట్లో పెసరట్టు మిగలదు. మొదటిది ఆకలి మీద ఉందని పెట్టాను. రెండోది మాత్రం ఆమె ఆట చూసి వేశాను. చాలా బాగా ఆడింది. ఉల్లిపాయలు కూడా ఎక్కువేశాను."

జోగారావు తల పట్టుకున్నాడు.

"ఆలోచించి చెప్పండమ్మా!" అన్నారు ప్రిన్సిపల్ గారు. తీపి తగ్గింది.

"ఆలోచించే వేశానండీ. పెనం మీద ఉన్నంతసేపూ."

"ఐతే ఒకటి మాత్రమే ప్రతిఫలం. ఒక్కదానికి చూసీచూడనట్టు..."

"ఎట్టి మినహాయింపు లేకుండా అనుంది కదండీ," అంది లోవలక్ష్మి. కొంగు ముడి విప్పి, మడతలు పెట్టిన జిరాక్సు తీసి చాప మీద పరిచింది. "మా కొట్టు పక్క మందులషాపు కుర్రోడు సదివి సెప్పేడండి. సర్టిఫికెట్లతో సహా పంపివేయబడును అనుందంట. అదెప్పుడు పంపిత్తారండి? పొద్దున్నే వచ్చేదా, ఇప్పుడే పట్టుకుపోయేదా?"

"అది కేవలం భయపెట్టుటకు..."

"మాకు భయమేసిందండి. ఇచ్చెయ్యండి."

మా ఆయన కాగితం తీసుకుని, తాను రాసిన నిర్వచనాన్ని మళ్లీ చదివారు. వేలితో ఒక్కొక్క మాట కింద గీస్తూ చదివారు. ఎక్కడా సందు లేదు. సందు ఉండకూడదనే పప్పు చల్లార్చుకున్నారు మరి. చివరికి, "రూలు ప్రకారం ఈ అమ్మాయి వృత్తి క్రీడాకారిణే సార్," అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో బాధ ఉంది. కాస్త గర్వం కూడా ఉందనిపించింది, నిర్వచనం అంత బాగా పనిచేసినందుకు.

సర్టిఫికెట్లు మర్నాడు ఇచ్చారు. బూట్లు కూడా ఇచ్చేశారు. ఇకమీదట ఆమె తీసుకోదగిన వ్యక్తే కాబట్టి అభ్యంతరం లేదన్నారు. బస్సెక్కే ముందు నూకరత్నం మా పెరట్లోకి వచ్చింది. వెనకాలే వాళ్లమ్మ.

"దూరవిద్యలో ఫీజు కట్టిత్తున్నానండి," అంది లోవలక్ష్మి. "ఈ గేదె ఎగిరినా సరే, మద్దిలో పుస్తకం తెరవాల. ఒప్పుకుంటేనే బస్సు."

"ఒప్పుకున్నానులేవే, ఊరందరికీ సెప్పాలా?"

విశాఖలో మా కాలేజీ ఓడిపోయింది. ఎంత తేడాతో అన్నది పేపర్లో వేశారు, నేను ఇక్కడ వేయను. ప్రార్థన సమావేశంలో ప్రిన్సిపల్ గారు కళ్లజోడు తీసి మాట్లాడారు. ఇది మామూలు ఓటమి కాదనీ, ఒక్క అరటిపండు కూడా ముట్టకుండా, పూర్తిగా ఖాళీ కడుపులతో సాధించిన స్వచ్ఛమైన ఓటమి అనీ, ఇలాంటిది రాష్ట్రంలో మరే కళాశాలకూ సాధ్యపడలేదనీ అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. కోర్టు మళ్లీ కోర్టుగా పరిగణించబడింది. హాజరు శాతం ఎప్పటిలాగే పడిపోయింది. వచ్చే ఏడు క్రీడల స్థానంలో క్రీడా విలువల మీద సర్టిఫికెట్ కోర్సు పెడతారని విన్నాను.

దసరా సెలవుల్లో ఒక ఆదివారం పొద్దున్న మా ఆయనకు ఫోను వచ్చింది. ఆయన వరండాలో పేపరు చదువుకుంటున్నారు. నేను బియ్యం ఏరుతూ పక్కనే ఉన్నాను. స్పీకరు ఆన్ అయిపోయింది, ఆయనకు అది కట్టేయడం రాదు.

"నమస్తేనండి, నూకరత్నాన్నండి."

"ఆఁ, చెప్పమ్మా! ఆడుతున్నావా?"

"ఇంకా బెంచీ మీదేనండి. ఇక్కడ నాకంటే పొడుగోళ్లున్నారు. మోచేతులు ఎలా ఏత్తారో! ఇంకా నేర్చుకోవాలండి." నవ్వింది. "బెంచీ మీద ఖాళీయే కదా అని పుస్తకం తెరిచేనండి. సార్, ఒక డౌటండి. ఏమనుకోరుగా?"

"అడుగు."

"డెబిట్ అంటే ఏంటండి?"

మా ఆయన పేపరు దించారు. ఈ పిల్లకే నలభైకి ముప్పై ఎనిమిది వేశారు. ఆయన ముఖం చూసి నేను బియ్యంలోకి చూపు దించుకున్నాను.

"అంటే... అసలు మొదట్నుంచీ చెప్పాలమ్మా. టైముందా నీకు?"

"ఉందండి. సాయంత్రం దాకా ప్రాక్టీసు లేదు."

ఆయన లేచారు. కూర్చుని చెప్పలేరు, అది నాకు తెలుసు. వరండాలో అటూ ఇటూ నడుస్తూ మొదలుపెట్టారు. "మీ అమ్మ కొట్టు తీసుకో. పొద్దున్నే వంకాయల బస్తా వచ్చింది. వచ్చింది ఏమిటి? బస్తా. పోయింది ఏమిటి? ఆలోచించి చెప్పు." ఆమె ఆలోచించింది. తప్పు చెప్పింది. ఆయన మళ్లీ చెప్పారు, ఈసారి టమాటాలతో. ఎండ వరండా లోపలికి వచ్చింది. ఆయన చొక్కా చేతులు పైకి మడిచారు. మా పెళ్లయిన కొత్తలో, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, గుమ్మంలో నిలబడి నాకు ఏదో విడమరిచి చెబుతూ ఇలాగే చేతులు ఊపేవారు. అప్పుడాయన ఏ సంఘంలోనూ లేరు.

"ఓహో... అయితే వచ్చింది డెబిట్, పోయింది క్రెడిట్ అన్నమాట. ఇంతేనాండి?" అంది నూకరత్నం.

"ఇంతే! ఇప్పుడు వాయిదా మీద ఇస్తే ఏమవుతుందో చూడు..."

పాఠం నడుస్తుండగానే గోడవతల ప్రిన్సిపల్ గారి తల కనబడింది. సెలవుల్లో ఆయన పొద్దున్న కూడా నడుస్తారు. ఆగారు. విన్నారు.

"మార్కండేయులు గారూ! ఆదివారం పూట పాఠమా? ఎవరికి?"

"నూకరత్నానికి సార్."

"ఆ అమ్మాయి మన విద్యార్థిని కాదు కదా?"

"కాదు సార్."

"మన విద్యార్థిని కాని వ్యక్తికి, మన కళాశాల అధ్యాపకులు, మన ప్రాంగణములో పాఠం బోధించడం ఏ నిబంధన కింద వస్తుందో ఆలోచించారా? మన విద్యార్థినిగా ఉన్నన్నాళ్లూ ఆ అవసరం రాలేదే!"

"సార్, లైనులో ఉన్నారాండి?" అని ఫోనులోంచి నూకరత్నం పిలిచింది. "వాయిదా మీద ఇస్తే ఏమవుద్దండి?"

మా ఆయన ఒకసారి గోడ వైపు, ఒకసారి ఫోను వైపు చూశారు. ఇన్నేళ్లలో ప్రిన్సిపల్ గారు అడిగిన దేనికీ ఆయన వెంటనే జవాబు చెప్పకుండా ఉండలేదు.

"క్లాసులో ఉన్నాను సార్. అయ్యాక మాట్లాడతాను," అన్నారు, గోడకు వీపు తిప్పి నడుస్తూ.